చెవిన పడిన వాక్యం



బైబిలు లేని క్రైస్తవుల ఇల్లు మా గడ్డిఅన్నారంలో వెతికినా దొరకదు. పీ అండ్ టీ కాలనీ నుంచి కొత్తపేట దాకా, చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దాకా ఎవరింటికి వెళ్లినా సరే, హాల్లో వాక్యం అచ్చేసిన క్యాలెండర్ వేలాడుతుంటుంది. గుమ్మం పైన వాక్యం రాసిన బోర్డు ఉంటుంది. షోకేసులో జిప్ కవరు వేసిన పెద్ద బైబిలు ఉంటుంది. రోడ్డెక్కితే ఆటో వెనక అద్దం మీదా వాక్యమే. పొద్దున్నే ఫోను తెరిస్తే బంధువుల వాట్సాప్ గ్రూపులో గులాబీల బొమ్మ మీద ఒక వాక్యం, దానికింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు, ఆమెన్‌లు. కళ్లకి వాక్యం కరువు లేదు. మరి మీ ఇంట్లో వాక్యం చెవిన పడేది ఎప్పుడండీ అని అడిగి చూడండి. చాలామంది కాసేపు ఆలోచించి ఆదివారం అంటారు. ఆ ఆదివారం కూడా చాలా చర్చిల్లో ప్రసంగానికి గంట, పాఠం చదవడానికి రెండు నిమిషాలు. వాక్యం గురించి మనం వినేది చాలా ఎక్కువ, వాక్యాన్ని వినేది చాలా తక్కువ.

నేను పాస్టర్ని కాదు, పాస్టరమ్మనూ కాదు. బళ్లో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. వేదాంతం జోలికి వెళ్లను. ఒక పుస్తకం ఇంట్లో ఉండీ మనుషుల్లోకి ఎందుకు రాదు, వస్తే ఎలా వస్తుంది అన్నది మాత్రం కొంత తెలుసు. ఈ పావుగంటా దాని గురించే మాట్లాడతాను.

ముందు డిసెంబరు 31 రాత్రి సంగతి. ఆ రాత్రి మన సంఘాలన్నిట్లో ఆరాధన ఉంటుంది. పన్నెండు దాటగానే హ్యాపీ న్యూ ఇయర్లు, కేకు, ఆ తర్వాత వాగ్దాన కార్డులు. పళ్లెంలో బోర్లా పేర్చిన కార్డుల్లోంచి ఒక్కొక్కరూ వచ్చి ఒకటి తీసుకుంటారు. అది ఆ ఏడాదికి ఆ మనిషి వాగ్దానం. నీకేం వచ్చింది, నాకిది వచ్చింది అని చర్చి బయట బళ్లు తీసేటప్పుడు ఒకటే ముచ్చట్లు. ఈ అలవాటును ఎగతాళి చెయ్యను. పేదరికంలో ఉన్నవాళ్లు ఒక చిన్న కార్డును పర్సులో పెట్టుకుని ఏడాదంతా ఈదుకొచ్చిన సందర్భాలు నేనెరుగుదును. అయితే ఆ కార్డు ఎక్కడి నుంచి కత్తిరించుకొచ్చిందో చూడనివ్వకపోవడం దగ్గరే వస్తుంది చిక్కు.

కార్డుల మీద, క్యాలెండర్ల మీద బాగా కనిపించే వాక్యం ఒకటుంది: యిర్మీయా 29వ అధ్యాయం, 11వ వచనం. దేవుడు మన కోసం సమాధానకరమైన ఆలోచనలు పెట్టుకున్నాడనీ, మనకు మంచి భవిష్యత్తు ఉందనీ అర్థం వచ్చే మాట. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఇది లేని గది తక్కువ. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, బ్యాంకు పరీక్షలకీ కోచింగ్ తీసుకునే పిల్లలు నల్లగొండ నుంచీ, ఖమ్మం నుంచీ, ఇటు ఆంధ్రా జిల్లాల నుంచీ వచ్చి, గదికి నలుగురైదుగురు చొప్పున ఉంటారు. మంచం పక్క గోడకి స్టిక్కర్. నోటిఫికేషన్ వాయిదా పడ్డప్పుడల్లా ఆ స్టిక్కర్ వంక చూసుకుంటారు.

ఆ అధ్యాయాన్ని మొదటి వచనం నుంచి చదివితే సంగతి వేరేగా ఉంటుంది. అదొక ఉత్తరం. క్రీస్తుకు పూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి కొందరిని బబులోనుకు పట్టుకుపోయాడు. ఊరుగాని ఊళ్లో ఉన్న ఆ జనానికి యిర్మీయా ప్రవక్త రాసి పంపిన ఉత్తరం. అందులో ఏం చెప్పాడు? ఇళ్లు కట్టుకోండి, అక్కడే కాపురముండండి. తోటలు నాటుకోండి, వాటి పండ్లు తినండి. పిల్లలకి పెళ్లిళ్లు చెయ్యండి. మిమ్మల్ని ఏ పట్టణానికి తీసుకుపోయారో ఆ పట్టణం బాగు కోరండి, దాని కోసం ప్రార్థన చెయ్యండి, అది బాగుంటేనే మీరు బాగుంటారు. ఇక పదో వచనంలో ఈ కష్టానికి గడువు చెప్పాడు: డెబ్బై ఏళ్లు. అంటే ఆ ఉత్తరం చదివించుకున్న పెద్దవాళ్లలో చాలామంది ఇంటి ముఖం చూడరు. మన కార్డు మీది పదకొండో వచనం వచ్చేది ఆ డెబ్బై ఏళ్ల తర్వాతి గీతలో.

దానికి ముందు 28వ అధ్యాయం చదివితే ఇంకా రుచి. అందులో హనన్యా అనే ప్రవక్త ఉంటాడు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుంది, అందరూ తిరిగొచ్చేస్తారు అని గుడిలో నిలబడి అందరి ముందూ ప్రకటించేశాడు. జనానికి ఎవరి మాట నచ్చి ఉంటుందో చెప్పక్కర్లేదు. మన దగ్గర కూడా జనవరి ఒకటిన 'ఇది నీ సంవత్సరం' అని మైకులో ప్రకటించే హనన్యాలకి కొదవ లేదు. ఆ మాట నమ్మి, ఫలితాలొచ్చిన రోజు నా విశ్వాసంలోనే లోపముందేమో అని కుమిలిపోయే పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పదకొండో వచనం ఒక్కటే గోడకంటించడం కంటే, ఆ ఉత్తరం మొత్తం ఒక్కసారి గొంతెత్తి చదువుకుంటే హాస్టల్ పిల్లలకి ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. ఎందుకంటే వాళ్లూ ఊరుగాని ఊళ్లోనే ఉన్నారు. ఎంతకాలమో తెలియని ఎదురుచూపుల్లో ఉన్నారు. ఈలోగా ఈ గడ్డిఅన్నారం బాగు కూడా మీ బాధ్యతే, ఈ కాలమూ బతుకే, వెయిటింగ్ రూం కాదు అని చెప్పే ఉత్తరం అది. కార్డులో ఆ సంగతి పట్టలేదు.

ఇక ఈ 'గొంతెత్తి' అన్న మాట దగ్గరికి వస్తాను. తెలుగులో కొత్త నిబంధన అచ్చు పుస్తకంగా 1818లోనే వచ్చింది. దానికి ముందు శూల్జ్ అనే జర్మన్ మిషనరీ 1730ల నాటికే బైబిలును తెలుగులోకి తెచ్చాడు గానీ అది అచ్చుకు నోచుకోలేదు. సరే, పుస్తకం వచ్చింది. చదివేవాళ్లేరీ? ఆ తర్వాత వందేళ్లలో తెలుగు పల్లెల్లో క్రైస్తవులైనవాళ్లలో అత్యధికులు అక్షరం ముఖం చూడని కూలీలు. ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో 1878 జులై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషనరీ క్లౌ దొర కాలం నాటి మాట. ఆ రెండువేల చిల్లర మందిలో ఆ రోజు పుస్తకం చేతికిస్తే చదవగలిగినవాళ్లు ఎందరుంటారు? అయినా వాళ్ల మనవళ్లూ మునిమనవళ్లూ ఇవాళ్టికీ విశ్వాసంలో ఉన్నారంటే వాక్యం వాళ్లలోకి చెవి ద్వారానే దిగింది.

ఇది ఎలా జరిగిందో డోర్నకల్ చరిత్ర చూస్తే బాగా తెలుస్తుంది. వి.ఎస్. అజరయ్య గారు తమిళుడు. తిరునల్వేలి క్రైస్తవులు స్థాపించుకున్న మిషనరీ సంఘం తరఫున 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో అక్కడ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. 1945 జనవరి ఒకటిన కన్నుమూసేదాకా ఆ మేత్రాసనమే ఆయన లోకం. ఆ పల్లెల్లో ఆరాధన పొద్దున పూట కుదిరేది కాదు. జనం తెల్లారకుండానే పొలాల్లో ఉండాలి. అందుకని రాత్రి పూట. సంఘ ఉపాధ్యాయుడు దీపం వెలిగిస్తే పనుల నుంచి వచ్చినవాళ్లు చుట్టూ కూర్చునేవాళ్లు. ఆయన ఒక మాట చెబితే వీళ్లందరూ ఆ మాట తిరిగి చెప్పేవాళ్లు. పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, యేసు చెప్పిన ఉపమానాలు, పాత నిబంధన కథలు అన్నీ అలా నోటి నుంచి నోటికే. వీటికి తోడు పాటలు. పురుషోత్తమ చౌదరి గారి లాంటి వాళ్లు పంతొమ్మిదో శతాబ్దంలో కట్టిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఇప్పటికీ పాడుకుంటున్నాం. సంగీత పరిజ్ఞానం మాట అటుంచితే, అవి పాడేవాడికి బైబిలు సగం కంఠతా వచ్చినట్టే.

నల్లగొండ వైపు ఇదే పని వేరే సంఘాలు చేశాయి. రష్యా దేశపు మెన్నోనైట్ మిషనరీలు అబ్రాహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో మన దేశం వచ్చి, నల్లగొండను కేంద్రం చేసుకున్నారు. మా నానమ్మ వాళ్ల ఊరు అటువైపుదే. ఆమెకి చదువు రాదు. వేలిముద్రే. చిన్నప్పుడు రాత్రిళ్లు మిషను పంతులమ్మ దగ్గర కూర్చుని విన్నదే ఆమె చదువు. నేను నాలుగో ఐదో చదివే రోజుల్లో, సెలవుల్లో ఊరెళితే, అన్నాలయ్యాక చాపేసి బైబిలు నా ముందు పెట్టేది. ఒకరాత్రి రూతు గ్రంథం రెండో అధ్యాయం చదువుతున్నాను. నిద్ర ముంచుకొస్తోంది. ఇంకెంతుందా అని పేజీ చివరికి చూసుకుంటూ, నడుమ ఒక వచనం దాటేసి కిందికి వెళ్లిపోయాను. కళ్లు మూసుకుని వింటున్న నానమ్మ చెయ్యెత్తింది.

"మల్ల సదువు బిడ్డా. నడుమ ఒక ముచ్చట ఇడిసిపెట్టినవ్."

వెనక్కొచ్చి చూస్తే నిజమే, పదహారో వచనం. రూతు పరదేశి, విధవరాలు. అత్తను పోషించుకోవడానికి బోయజు పొలంలో పరిగె ఏరుకుంటోంది. బోయజు తన పనివాళ్లతో ఆమెను పనల మధ్య కూడా ఏరుకోనివ్వండి, ఏమీ అనకండి అంటాడు. అది పదిహేను. అంతటితో ఊరుకోలేదు. కట్టలోంచి కొన్ని వెన్నులు కావాలనే లాగి ఆమె కోసం పడెయ్యండి అన్నాడు. నేను దాటేసింది ఆ మాట.

నానమ్మ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే. "గదే అసలు ముచ్చట. కిందవడ్డది ఏరుకోనిచ్చుడు వేరు బిడ్డా, కావాలని ఇడిసిపెట్టుడు వేరు. ఆమెకు సిగ్గు కాకుండ జేసిండు. మా దొర చేన్ల పరిగెకు వోతె జీతగాన్ని కావలి వెట్టేటోడు."

పరిగె ఏరిన చెయ్యి ఆమెది. ఆ తర్వాత నేను ఎమ్మే తెలుగు చదివాను, రూతు గ్రంథం మీద పెద్దపెద్ద ప్రసంగాలు విన్నాను. ఆ వచనాన్ని అంత సూటిగా విప్పినవాళ్లు నాకు తారసపడలేదు. ఆమె చేతిలో పుస్తకం లేదు, నోట్సు లేదు. కథ మొత్తం మనసులో ఉంది. అందుకే మధ్యలో ఒక్క మాట లేకపోతే వెంటనే పట్టేసింది. నాకు పుస్తకం చేతిలో ఉండి కూడా పోయిందని తెలియలేదు.

ఇందులో ఇంకో సంగతుంది. బోయజు పరిగె ఏరుకోనిచ్చాడంటే అది అతని గొప్పతనం ఒక్కటే కాదు, అక్కడ అది చట్టం. ఆ చట్టం లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉంది. లేవీయకాండం పేరు చెప్పగానే మన వాళ్ల ముఖం వాడిపోతుంది. జనవరిలో పట్టుదలగా బైబిలు మొదలెట్టినవాళ్లు మునిగిపోయేది అక్కడే. లెక్క చూడండి. బైబిల్లో 1,189 అధ్యాయాలు. ఏడాదిలో పూర్తి చెయ్యాలంటే రోజుకి మూడు, కొన్ని రోజులు నాలుగు. ఆదికాండం 50, నిర్గమకాండం 40. జనవరి ఆఖరుకి లేవీయకాండం గుమ్మంలో ఉంటాం. బలులు, కొవ్వు, మూత్రపిండాలు, కుష్ఠు. ఫిబ్రవరి మొదటి వారానికి బైబిలు మళ్లీ షోకేసులోకి చేరుతుంది. వచ్చే జనవరికి మళ్లీ ఆదికాండం. కొందరి బైబిళ్లలో మొదటి వంద పేజీలు నలిగిపోయి, ఆ తర్వాత కొత్తవిగా ఉంటాయి. నవ్వు తెప్పించే విషయమే గానీ ఇంటింటా ఉన్నదే.

ఆ ముప్ఫై ఏడు వచనాల పందొమ్మిదో అధ్యాయం దాకా ఎవరైనా చేరితే ఏం కనిపిస్తుందో చెబుతాను. పంట కోసేటప్పుడు పొలం గట్టు అంచుల దాకా కొయ్యకూడదు, పరిగె ఏరుకోకూడదు. ద్రాక్షతోటలో రాలిన పండ్లు ఏరుకోకూడదు. అవి బీదవాళ్లవి, పరదేశులవి. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదు. చెవిటివాణ్ణి తిట్టకూడదు, గుడ్డివాడి దారికి అడ్డం పెట్టకూడదు. తీర్పు చెప్పేటప్పుడు బీదవాడని జాలిపడి గానీ, గొప్పవాడని భయపడి గానీ పక్షపాతం చూపకూడదు. తల నెరిసినవాళ్ల ముందు లేచి నిలబడాలి. త్రాసులో, తూనిక రాళ్లలో, కొలపాత్రల్లో మోసం ఉండకూడదు. నిన్ను నువ్వు ప్రేమించుకున్నట్టే పొరుగువాణ్ణి ప్రేమించాలన్న మాట మొట్టమొదట కనిపించేది ఈ అధ్యాయంలోనే. అది యేసు కొత్తగా అన్న మాటేనని చాలామంది అనుకుంటారు. ఆయన తన చిన్నతనంలో విన్న మాట అది.

ఈ అధ్యాయం గడ్డిఅన్నారంలో చదివితే వేరేగా వినిపిస్తుంది. మా ఏరియాకి పేరు తెచ్చింది పండ్ల మార్కెట్టు. నల్లగొండ బత్తాయి లారీలు, ఎండాకాలం మామిడి లారీలు అర్ధరాత్రి నుంచి దిగేవి. వేలంపాటలు, కమీషన్ ఏజెంట్లు, కాటాలు, హమాలీల కేకలు. మార్కెట్టు సద్దుమణిగే వేళకి గోనెసంచులతో ఆడవాళ్లు వచ్చి, రాలిన కాయల్లో, పగిలిన కాయల్లో తినడానికి పనికొచ్చేవి ఏరుకునేవాళ్లు. వాళ్లను తరిమేవాళ్లూ ఉండేవాళ్లు, చూసీచూడనట్టు ఊరుకునేవాళ్లూ ఉండేవాళ్లు. 2021లో ఆ మార్కెట్టును బాటసింగారం తరలించారు. స్థలం టిమ్స్ ఆసుపత్రికి ఇచ్చారు. కాయలు పోయినా కాటాలు, కూలీలు, పరదేశులు పోలేదు కదా. దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపుల్లో రాత్రి పదింటిదాకా నిలబడే ఆడపిల్లలున్నారు. అపార్ట్‌మెంట్లు కట్టడానికి ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్లున్నారు. మన ఇళ్లలో అంట్లు తోమే అమ్మాయికి ఒకటో తారీఖున ఇవ్వాల్సిన జీతం, 'ఏటీఎంకి వెళ్లలేదమ్మా' అంటూ ఎనిమిదో తారీఖుదాకా లాగుతాం. ఆదివారం కానుకల కవరు మాత్రం ముందురోజే సిద్ధం. కూలి రాత్రంతా నీ దగ్గర ఉంచుకోవద్దు అన్న పదమూడో వచనం ఏ క్యాలెండర్ మీదా నాకు కనిపించలేదు. వాగ్దాన కార్డుల పళ్లెంలో కూడా అది ఉండదు. వరసగా చదివేవాళ్లకి మాత్రం తప్పించుకునే వీలు లేకుండా ఎదురొస్తుంది.

రోజూ వాక్యం చదవడమంటే నా దృష్టిలో ఇదీ. మనకి నచ్చింది మనం ఎంచుకోవడం మానుకుని, వచ్చింది వచ్చినట్టు వినడం.

సువార్తికుడు బక్త్ సింగ్ గారి గురించి ఇక్కడ చెప్పకపోతే హైదరాబాద్ వాళ్లు ఊరుకోరు. ముషీరాబాద్ దగ్గర గోల్కొండ క్రాస్‌రోడ్స్‌లో ఉన్న హెబ్రోను సంఘం ఆయన 1950లో మొదలుపెట్టిందే. ఆయన 2000 సెప్టెంబరు 17న ఇక్కడే కన్నుమూశారు. అంత్యక్రియలకి వచ్చిన జనసంద్రం చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు, మిషను బడిలో చదివారు. ఆ చదువుకునే రోజుల్లో పరీక్ష పాసైనందుకు ఒక బైబిలు బహుమానంగా ఇస్తే, లోపలి కాగితాలు చించి పారేసి, తోలు అట్ట బాగుందని అది మాత్రం దాచుకున్నారట. ఆయనే తన సాక్ష్యంలో చెప్పుకున్న సంగతి. తర్వాత ఇంజనీరింగ్ చదువులకని ఇంగ్లండు, కెనడా వెళ్లినప్పుడు, 1929లో విన్నిపెగ్‌లో ఒక స్నేహితుణ్ణి అడిగి చిన్న కొత్త నిబంధన తీసుకుని, రాత్రి చాలా పొద్దుపోయేదాకా చదివారు. అది మొదలు జీవితాంతం మోకాళ్ల మీద ఉండి బైబిలు చదవడం ఆయన అలవాటు. ఆయన సంఘాల్లో ఆదివారం కూడికలు గంటలకొద్దీ సాగేవి. అంతసేపు అందరి వల్లా కాదు, అక్కర్లేదు కూడా అనుకుంటాను. ఆ తోలు అట్ట సంగతి మాత్రం నన్ను వదలదు. మన షోకేసుల్లో కవర్లు ఎంత అందంగా ఉన్నాయో!

ఇప్పుడు ఆచరణ మాట. ఏడాదిలో బైబిలంతా చదివే పట్టికలు చాలా ఉన్నాయి. స్కాట్లాండులో రాబర్ట్ మెక్‌షెయిన్ అనే యువ పాస్టరు 1842లో తన సంఘం కోసం వేసిన పట్టిక ఇప్పటికీ లోకమంతా వాడుతున్నారు. అందులో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు పూర్తవుతాయి. కతోలికులకి చర్చి ఇచ్చిన పాఠాల క్రమం ఉంది, ఆదివారాలది మూడేళ్ల చక్రం, మామూలు రోజులది రెండేళ్లది. రోజూ పూజకు వెళ్లే అవ్వకి తెలియకుండానే బైబిల్లో పెద్ద భాగం చెవిన పడిపోతుంది. సీఎస్ఐ వాళ్లకీ పాఠాల పట్టిక ఉంది. ఇవన్నీ మంచివే. అయితే మా పేటలో మామూలు కుటుంబానికి నేను చెప్పే పద్ధతి ఇంకా చిన్నది. రోజుకి ఒకే ఒక్క అధ్యాయం, ఇంట్లో ఒకరు గొంతెత్తి చదవాలి, తక్కినవాళ్లు వినాలి. ఒక అధ్యాయానికి ఐదారు నిమిషాలు. 119వ కీర్తన లాంటిది వస్తే, అది 176 వచనాలు, ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలుగా దానంతటదే విభజించి ఉంది, పంచుకోండి.

ఎప్పుడు? పొద్దున పూట అని పుస్తకాలు చెబుతాయి. పొద్దున్నే మంచినీళ్లు పట్టుకోవాలి, టిఫిన్ బాక్సులు కట్టాలి, స్కూలు వ్యాను హారన్ కొడుతూ ఉంటుంది, మెట్రో అందుకోవాలి. ఆ హడావుడిలో బైబిలు కూడా ఇంకో పనైపోతుంది. మా వాళ్లలో నిలిచినవన్నీ రాత్రి అన్నాలయ్యాక పెట్టుకున్నవే. పళ్లేలు తీశాక, ఎవరూ లేవకముందే. ఫోన్లు పక్కగదిలో. టీవీ సీరియల్ ఆపడానికి అత్తగారు ఒప్పుకోకపోతే సీరియల్ అయ్యాకే పెట్టుకోండి, అత్తగారితో గొడవపడి బైబిలు చదవడం అనేది మొదటికే మోసం.

ఎవరు చదవాలి? తండ్రులు ఏమీ అనుకోకపోతే ఒక మాట. కుటుంబ ప్రార్థన అంటే పిల్లలు పారిపోవడానికి సగం కారణం మీరు. అధ్యాయం చదివి, దాన్నుంచి ఉపన్యాసం మొదలెట్టి, చివరికి 'ప్రభువా, మా వాడికి ఫోను మీద ఉన్న శ్రద్ధ మ్యాథ్స్ మీద పుట్టించు' అని ప్రార్థనలోనే వాడికి అక్షింతలు వేస్తే, వాడు కళ్లతో పాటు చెవులూ మూసుకుంటాడు. చదవడం పిల్లలకే ఇవ్వండి. నెబుకద్నెజరు దగ్గర నోరు తిరగకపోతే నవ్వుకోండి, మీకూ తిరగదు. పాత తెలుగు బైబిలు పిల్లలకి కొరుకుడు పడకపోతే వాడుక తెలుగులో వచ్చిన అనువాదాలున్నాయి, అవి తెచ్చుకోండి. సికింద్రాబాద్‌లో బస్‌స్టాపుకే బైబిల్ హౌస్ అని పేరుంది, అటు వెళ్లినప్పుడు లోపలికి వెళ్లి ఏమేం ఉన్నాయో చూడండి. చదివాక వివరణ వద్దు. నీకు కొత్తగా వినపడిందేమిటి అని ఒక్క ప్రశ్న, అది కూడా చెబితే సరే, లేకపోతే లేదు.

ఒంటరిగా ఉండేవాళ్ల సంగతి వేరు. హాస్టల్లో గొంతెత్తితే పక్క మంచం వాడికి నిద్ర పాడు. వాళ్లకి ఫోనే మేలు. యూవర్షన్ యాప్ 2008 నుంచి ఉంది, అందులో తెలుగు బైబిలు ఉంది, వినే సదుపాయం కూడా ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేలోపు ఫిలిప్పీయుల పత్రిక మొత్తం వినేయొచ్చు. నాలుగే అధ్యాయాలు. పౌలు జైల్లో కూర్చుని రాసిన ఉత్తరమని గుర్తుపెట్టుకుని విని, మధ్యలో ఎన్నిసార్లు సంతోషం మాట వస్తుందో గమనించండి. వారానికి ఒక రాత్రి నలుగురు స్నేహితులు మేడ మీద కూర్చుని మార్కు సువార్త ఒకరి తర్వాత ఒకరు చదువుకోండి. పదహారు అధ్యాయాలు, ఏకబిగిన చదివితే రెండు గంటల సినిమా. నాకు తెలిసి అలా కూర్చున్న ఒక బృందంలో క్రైస్తవుడు కాని కుర్రాడు కూడా ఉన్నాడు. ఈ యేసు ఇన్నిసార్లు భోజనాల దగ్గరే ఎందుకు గొడవ పెట్టుకుంటాడు అని వాడడిగిన ప్రశ్నకి తక్కిన ముగ్గురి దగ్గరా జవాబు లేదట, వెనక్కెళ్లి మళ్లీ చదివారట.

చూపు ఆనని పెద్దవాళ్లున్న ఇళ్లకి ఒక మాట. వినడం వాళ్లకి కొత్త కాదు. సీషెల్స్ దీవుల నుంచి ఫెబా రేడియో షార్ట్‌వేవ్‌లో వచ్చే రోజుల్లో గరగరల మధ్య ముల్లు తిప్పుతూ తెలుగు కార్యక్రమం కోసం కాచుకున్న తరం అది. ఇప్పుడు వాళ్ల చేతికి మనవడి పాత ఫోను ఇచ్చి, ఏది నొక్కితే యోహాను సువార్త వస్తుందో ఎర్ర స్టిక్కర్ అంటించి చూపిస్తే చాలు. దానికంటే కూడా, మనవడే పక్కన కూర్చుని చదివితే మేలు. తప్పు చదివితే పట్టుకునే మనిషి ఇంట్లో ఉండటం ఏ యాప్‌లోనూ రాదు.

మొదలెట్టేవాళ్లు ఆదికాండంతోనే మొదలెట్టాలని లేదు. ఈ రాత్రికి రూతు గ్రంథం తియ్యండి. నాలుగే అధ్యాయాలు, 85 వచనాలు, నాలుగు రాత్రులు. ఐదో రాత్రి లేవీయకాండం 19. పనమ్మాయి జీతం బాకీ ఉంటే ఆ రోజు పొద్దున్నే ఇచ్చేసి రాత్రికి కూర్చోండి, లేకపోతే పదమూడో వచనం పిల్లలే మీకు చదివి వినిపిస్తారు. ఆ తర్వాత మార్కు, రోజుకొక అధ్యాయం.